సుంకం తేలేదాకా

ఆఫీసులో ఆమెను ఎదురుగా మేడమ్ అనేవాళ్ళు, చాటుగా జల్లెడ అనేవాళ్ళు. ఏ కంపెనీ ఏ లెక్కలు తెచ్చి పోసినా పొట్టు వేరు, గింజ వేరు చేసిగానీ వదలదని ఆ పేరు. పెట్టినాయన రిటైరై వెళ్ళిపోయాడు, పేరు మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయింది. "పోనీలెద్దూ, రోకలి అనలేదు" అని ఆవిడా ఊరుకుంది.

ఆవిడ పని సుంకాల సమీక్ష. పరాయి దేశపు ప్రభుత్వం తన ఫ్యాక్టరీలకు స్థలం ఊరికే ఇచ్చి, కరెంటు కారుచౌకగా ఇచ్చి, అప్పులు అడిగినన్ని ఇచ్చి, తయారైన సరుకును మన బజారు మీదికి తోలుతుంది. ఆ ధరకు ఇక్కడి ఫ్యాక్టరీలు అమ్మలేవు. అందుకని ఆ సరుకు మీద ఇక్కడ అదనంగా సుంకం వేస్తారు. వేసి మర్చిపోకుండా, అయిదేళ్ళకోసారి ఇది ఇంకా కావాలా అక్కర్లేదా అని సమీక్ష పెడతారు. ఆ ఏడాది ఆవిడ వంతుకు వచ్చింది సోలార్ ప్యానెళ్ళ మీద సుంకం.

సమీక్ష అంటే వినడానికి పెద్దమనిషి మాటలా ఉంటుందిగానీ, చేసేది గాడిద చాకిరీ. ప్రశ్నలు కట్టలు కట్టలుగా పంపాలి. జవాబులు బస్తాల్లో వస్తే చదవాలి. ఫ్యాక్టరీలకు వెళ్ళి చెప్పింది నిజమో కాదో కళ్ళారా చూడాలి. రెండు పక్షాలనూ కూర్చోబెట్టి వినాలి. చివరికి ఉంచాలా, తీసెయ్యాలా, తగ్గించాలా అన్నది రాసి పైకి పంపాలి. గడువులోగా తేలకపోతే, తేలేదాకా పాత సుంకమే నడుస్తుంది. ఇలాంటివి ఆవిడ ఎన్ని చేసిందో లెక్కపెట్టడం మానేసింది. టైర్లు చూసింది, గాజు చూసింది, రంగులు చూసింది. ఈలోగా కళ్ళజోడు మారింది, మెడ పట్టేసింది, మధ్యాహ్నం భోజనమయ్యాక ఫైల్లో అంకెలు చీమల్లా పాకడం మొదలుపెట్టాయి.

భర్త ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. "నేను ఎముకలు చూస్తాను, నువ్వు అంకెలు చూస్తావు. కండ మటుకు మనిద్దరికీ దొరకదోయ్" అంటుంటాడు.

ఈ సమీక్షలో ఒక చిక్కుంది. ఆవిడ తమ్ముడు ఇళ్ళ కప్పుల మీద సోలార్ ప్యానెళ్ళు బిగిస్తాడు. సొంతానికి ఒక రేకుల షెడ్డు, ఒక పాత వ్యాను, నలుగురు పనివాళ్ళు. అతను బిగించేవి దాదాపుగా అన్నీ పరాయి సరుకే. ఫైలు తన బల్ల మీదికి వచ్చిన రోజే ఆవిడ పెద్దసారు గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది.

పెద్దసారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "మీ తమ్ముడు దిగుమతి చేస్తాడా?"

"లేదండీ. బజార్లో కొనుక్కుని బిగిస్తాడు."

"ఈ కేసులో అర్జీ ఏమన్నా పెట్టుకున్నాడా?"

"లేదు."

"మరింకేం? మా బావమరిది ఇంటి మీదా అవే ప్యానెళ్ళున్నాయి. ఏ సంబంధమూ లేని మనిషి కావాలంటే అడవిలోంచి పట్టుకురావాలి. మనుషుల్లేరమ్మా. మీరే చెయ్యాలి."

అలా అది ఆవిడ మెడకు చుట్టుకుంది. ఆ ఆదివారం తమ్ముడింటికి వెళ్ళి, చెప్పులు విప్పకముందే చెప్పేసింది. "ఒరేయ్, ఈ ఫైలు నా దగ్గరుంది. ఇది తేలేదాకా మన మధ్య ప్యానెళ్ళ ఊసు రాకూడదు. నువ్వడగొద్దు, నేను చెప్పను."

"అయితే ఏం మాట్లాడుకుందామక్కా? నాకు వచ్చిన విద్య అదొక్కటేగా" అని నవ్వాడు తమ్ముడు. సరేనన్నాడు మాత్రం.

*

సుంకం ఉంచమని అడుగుతున్న ఫ్యాక్టరీని చూడటానికి ఆవిడ ఇద్దరు సహాయకులతో వెళ్ళింది. ఊరు దాటాక గోదాముల మధ్య తెల్లటి పొడుగాటి కట్టడం. గేటు దగ్గర కంపెనీ పెద్దాయన స్వయంగా ఎదురొచ్చాడు. పూలగుత్తి వద్దని ఆవిడ ముందే కబురు చేసింది కాబట్టి చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆయన జేబుల్లో పెట్టి తీసి, పెట్టి తీసి చేశాడు.

లోపల చూపించింది మాత్రం షిఫ్టు సూపర్వైజరు. నలభై దాటిన మనిషి, జుట్టంతా తెల్ల టోపీలోకి దోపి, గొంతు యంత్రాల రొదకు అలవాటుపడి మామూలు మాట కూడా అరుస్తున్నట్టు మాట్లాడుతుంది. కరెంటు పుట్టించే నీలం పలకలను సన్నటి వెండి రిబ్బన్లతో వరసగా అతికే యంత్రం, వాటిని గాజు కింద పరిచి వేడితో అదిమే యంత్రం, ఆఖర్న ఒక్క మెరుపు మెరిపించి ప్యానెల్ ఎంత కరెంటు ఇస్తుందో చూసే గది. మొత్తం నాలుగు లైన్లు. రెండు నడుస్తున్నాయి. రెండింటి మీద దుప్పటి కప్పినట్టు ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఉన్నాయి.

"వీటి మీద పనిచేసేవాళ్ళు?" అంది జల్లెడ.

"ఇళ్ళకు పంపారు మేడమ్. మీ కాగితం వచ్చాక మళ్ళీ పిలుస్తామన్నారు. రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, కాగితం వచ్చిందా అక్కా అని. నేనేదో దాచుకున్నట్టు."

ఆవిడ పట్టా అంచు ఎత్తి కింద యంత్రాన్ని చూసింది. ఆ కాగితం రాయాల్సిన చెయ్యి తనదే.

ఫ్యాక్టరీ చెప్పిందంతా అబద్ధం కాదు, అంతా నిజమూ కాదు. పరాయి సరుకు ధర ముంచుతున్న మాట నిజం. అయితే కంపెనీవాళ్ళు అయిదేళ్ళ కిందట సుంకం రాగానే ఇక తిరుగులేదనుకుని, ఎక్కడో పాతబడిన యంత్రాలు కొనుక్కొచ్చి పెట్టారు. వాటి మీద పలకలు పగలడం ఎక్కువ, కరెంటు దండగ. అటు పరాయి ప్రభుత్వం ఇచ్చే రాయితీలూ మునుపటంత లేవు, అలాగని పోలేదు. తిరుగు దారిలో జీపు కిటికీకి తల ఆనించుకుని ఆవిడ మనసులోనే తూకం వేసింది. సుంకం తీసేస్తే ఫ్యాక్టరీ మునుగుతుంది. ఉన్నది ఉన్నట్టు ఉంచితే కొనేవాడు మునుగుతాడు. సగానికి తగ్గించడమే న్యాయం. ఇద్దరూ తిట్టే న్యాయం.

"కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం" అంది పైకే.

"పాము ఎవరు మేడమ్ ఇందులో?" అన్నాడు సహాయకుడు.

"మధ్యాహ్నం దాకా ఒకరు, సాయంత్రం దాకా ఒకరు" అని కళ్ళు మూసుకుంది.

*

అక్కడ తమ్ముడి పరిస్థితి వేరే రకంగా ఉంది. సుంకం మీద సమీక్ష నడుస్తోందని పేపర్లో వచ్చిన దగ్గర్నుంచీ బేరాలు ఆగిపోయాయి. ఇల్లు చూసి, కప్పు కొలిచి, ఎండ ఏ మూల పడుతుందో లెక్కకట్టి ధర చెబితే, "సుంకం తీసేస్తారటగా, రేట్లు పడనివ్వండి, అప్పుడు పెట్టించుకుంటాం" అనేవాళ్ళు. పడతాయని ఒకరు, పెరుగుతాయని ఇంకొకరు. ముందుగా సరుకు కొని షెడ్లో పెట్టుకుందామంటే, రేపు సుంకం పోతే కొన్న ధరకూ అమ్ముడుపోదు. కొనకుండా కూర్చుంటే పనివాళ్ళకు పనిలేదు. మింగలేక కక్కలేక అన్నట్టయింది.

ఒకరోజు అతను అక్క ఇంటికి వచ్చాడు. బావతో కాసేపు లోకాభిరామాయణం మాట్లాడాడు. టీ తాగాడు. కప్పు కింద పెట్టి, అక్క వంటింట్లోకి వెళ్తుంటే వెనకే వెళ్ళాడు.

"అక్కా, ఒక్క మాట. లోపలి గుట్టు నాకక్కర్లేదు. ఉంచుతారా, తీసేస్తారా? తల ఊపు చాలు."

ఆవిడ కొళాయి కట్టేసి వెనక్కి తిరిగింది. "ఏం చెప్పాన్రా నీకు?"

"చెప్పావు. అప్పుడు నా దగ్గర పనుంది. ఇప్పుడు మా కుర్రాళ్ళిద్దరు కూలికి వేరేచోటికి పోయారు. మిగిలిన ఇద్దరు పొద్దున్నే షెడ్డుకొచ్చి నా మొహం చూస్తూ కూర్చుంటున్నారు. నేను మీ ఇంటి గోడ మొహం చూస్తున్నాను."

"నీకు చెబితే అది నీ ఒక్కడి దగ్గర ఆగుతుందా? ఆగినా, నేను చెప్పినదాన్ని అవుతాను కదా?"

"అంటే నన్ను నమ్మవు."

"నమ్మకం కాదురా..."

"పోనీ చెప్పొద్దు. నా సంగతి విను. కష్టం ఏమిటో అదైనా విను."

"విన్నా తప్పే. ఒక పక్షం మాట ఇంట్లో కూర్చుని వినకూడదు నేను."

తమ్ముడు ఆవిడను చాలాసేపు చూశాడు. కోపం కాదు, చిన్నప్పుడు సైకిలు తొక్కనివ్వనప్పుడు చూసిన చూపు. "సరేలే" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. భర్త పేపరు మడిచి, "ఏమోయ్, కాస్త మెత్తగా చెప్పి ఉండాల్సింది" అన్నాడు.

"మెత్తగా చెబితే అర్థం మారుతుందాండీ?"

"అర్థం మారదు. దెబ్బ మారుతుంది."

ఆవిడకు ఆ మాట నచ్చలేదు. నిజం కాబట్టి నచ్చలేదు.

*

విచారణ రోజు హాలు కిటకిటలాడింది. కూలర్లు రెండూ రొద తప్ప గాలి ఇవ్వడం లేదు. వేదిక మీద జల్లెడ, పక్కన సాటి అధికారి ఒకాయన. కింద ఒక పక్క ఫ్యాక్టరీ తరఫు బొంగురు గొంతు లాయరు, ఇంకో పక్క దిగుమతిదారుల తరఫు సన్నపాటి లాయరు. వెనక వరుసల్లో కంపెనీ పెద్దాయన, షిఫ్టు సూపర్వైజరు, వ్యాపారులు, బిగించేవాళ్ళ సంఘం మనుషులు.

బొంగురు లాయరు మాట్లాడినంతసేపూ దేశం మునిగిపోయింది. సన్నపాటి లాయరు మాట్లాడినంతసేపూ దేశం చీకటిలో కూర్చుంది. మైకు ఇద్దరి మాటకూ సమానంగా కీచుమంది. షిఫ్టు సూపర్వైజరును మాట్లాడమన్నారు. ఆమె లేచి, కంపెనీవాళ్ళు రాసిచ్చిన నాలుగు ముక్కలు తడబడుతూ చదివి, నీళ్ళు తాగి కూర్చుంది.

తర్వాత బిగించేవాళ్ళ సంఘం అధ్యక్షుడు లేచాడు. "ఈ సుంకం మా పొట్ట ఎలా కొడుతోందో మా సభ్యుడొకరు చెబుతారండీ."

మూడో వరుసలోంచి లేచింది తమ్ముడు.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అది పోయినేడు ఆవిడే కొనిచ్చింది. మైకు దగ్గరికి నడిచొచ్చి, వేదిక వైపు చూసి, నమస్కారం పెట్టాడు. అక్కకు కాదు, అధికారికి పెట్టే నమస్కారం.

ఆవిడ చేతిలో పెన్ను కింద పెట్టింది. ఒక్క క్షణం ఆలోచన వచ్చింది. ఎవరికి తెలుసు? ఇంటిపేరు పెళ్ళితో మారిపోయింది. ముఖాల్లో పోలిక కూడా లేదు, వాడు నాన్న పోలిక, తను అమ్మ పోలిక. వాడు చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోతాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

ఆవిడ తన ముందున్న మైకు దగ్గరికి లాక్కుంది. "ఒక్క నిమిషం. వీరు మాట్లాడకముందు ఒక విషయం అందరికీ తెలియాలి. వీరు నాకు తోడబుట్టిన తమ్ముడు."

హాలు ఒక్కసారి గలగలమంది. ఎవరో వెనకనుంచి "ఇంట్లోనే చెప్పుకోవాల్సింది" అన్నారు, నవ్వులు పడ్డాయి. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరికైనా అభ్యంతరముందా?" అందావిడ.

సన్నపాటి లాయరు లేచి లేదన్నాడు. బొంగురు లాయరు ఇంకా హుందాగా, "మేడమ్ నిజాయితీ ఈ ఊరికంతటికీ తెలుసు. మాకు ఏ అభ్యంతరమూ లేదు" అన్నాడు.

"అయినా సరే. వీరు మాట్లాడినంతసేపూ నేను ఇక్కడ ఉండను. నా సహచరులు వింటారు." ఆవిడ లేచింది.

అప్పుడు తమ్ముడు మైకు పక్కకు నెట్టి, ఆవిడకు మాత్రమే వినపడేట్టు అన్నాడు. "ఇంట్లో వినవు కదాక్కా. ఇక్కడైతే వినడం నీ ఉద్యోగమనుకుని వచ్చాను."

ఆవిడ ఆగలేదు. ఆగితే ఇక వెళ్ళలేనని తెలుసు. పక్క తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. వరండాలో విరిగిన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి పక్కన నిలబడి, తలుపు అవతల తమ్ముడి గొంతు గుర్తుపట్టగలిగింది, మాటలు మాత్రం అందలేదు. వినపడకూడదని రెండడుగులు దూరం కూడా జరిగింది. కాసేపటికి లోపల ఏదో గోల, సంఘం అధ్యక్షుడి కేకలాంటిది. తర్వాత ప్యూను వచ్చి, "అయిపోయిందండీ, రండి" అన్నాడు. ఆవిడ వెళ్ళేసరికి మూడో వరుసలో ఆ కుర్చీ ఖాళీ.

*

ఆ తర్వాత నెలల తరబడి ఆవిడ ఆ ఫైలుతోనే కాపురం చేసింది. తమ్ముడు మాట్లాడిన భాగం మాత్రం చదవలేదు, దాన్ని సహచరుడు చూసుకున్నాడు. తమ్ముడు ఫోన్ చెయ్యలేదు, ఆవిడా చెయ్యలేదు. మరదలు మాత్రం నడుమ నడుమ, "వదినా, బాగున్నారా" అని మెసేజి పెట్టేది. బాగున్నానని జవాబిచ్చేది. అంతకుమించి ఇద్దరికీ ధైర్యం లేదు.

చివరికి తేలిన విషయాలన్నీ రాసి, చదువుకోండని రెండు పక్షాలకూ పంపింది. చదివినవాడికి సుంకం సగానికి తగ్గబోతోందని ఇట్టే తెలిసిపోతుంది.

వారం తిరక్కుండానే బొంగురు లాయరు అభ్యంతరం పెట్టాడు. అధికారి తమ్ముడే ఎదుటి పక్షం మనిషట, అందుకే సుంకం కోసేసిందట. ఆవిడ అది చదివి నిట్టూర్చేలోపు సన్నపాటి లాయరుదీ వచ్చింది. తమ్ముడి పక్షం తీసుకుందని ఎవరూ అనకూడదని ఆవిడ కావాలని ఫ్యాక్టరీ వైపు మొగ్గి, తీసెయ్యాల్సిన సుంకాన్ని సగం మిగిల్చిందట. ఇద్దరి మాటా ఒకటే. ఈవిడ వద్దు.

పెద్దసారు పిలిచాడు. కూర్చోమన్నాడు. మంచినీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపాడు. అంటే సంగతి ముందే తేలిపోయిందన్నమాట.

"నాకు మీ మీద నమ్మకం ఉందమ్మా. కానీ నమ్మకాన్ని ఫైల్లో పెట్టలేం కదా?"

"ఆ రోజు ఇద్దరూ అభ్యంతరం లేదన్నారు సార్."

"ఆ రోజు మీరేం రాస్తారో వాళ్ళకు తెలియదుగా. రేపు కోర్టులో ఇదే పట్టుకుంటారు. మొత్తం కొట్టేస్తారు. కొత్తాయనకిస్తాను."

"కొత్తాయన మళ్ళీ మొదట్నుంచి మొదలెడతారు. గడువు దాటిపోతుంది."

"దాటితే పాత సుంకమే నడుస్తుంది. చట్టంలో ఉందిగా."

"చట్టంలో ఉంది సార్. బయట జనం కూడా ఉన్నారు."

పెద్దసారు కిటికీలోంచి చూశాడు, జనం కనపడతారేమోనన్నట్టు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మీరు కొన్నాళ్ళు తేలికైన పని చూడండి. సైకిలు గొలుసుల సమీక్షొకటి ఉంది."

ఆవిడ మూడు బీరువాల ఫైళ్ళు అప్పజెప్పింది. కొత్తాయన నిజంగా మంచివాడే. మంచివాడు కాబట్టే ఎవరి పని మీదా ఆధారపడకుండా ప్రశ్నల కట్టలు మళ్ళీ మొదట్నుంచి పంపాడు.

*

ఫైళ్ళు అప్పజెప్పిన సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళలేదు. బస్సు దిగి నేరుగా తమ్ముడింటికి వెళ్ళింది. తలుపు తీసింది మరదలు. "వదినా!" అని ఆ ఒక్క మాటలోనే ఆశ్చర్యం, భయం, సంతోషం మూడూ కలిపేసింది. వెంటనే లోపలికి తిరిగి, "ఏవండీ, ఎవరొచ్చారో చూడండి" అని కేకేసింది.

తమ్ముడు లోపల నేలమీద కూర్చుని ఎవరిదో ఫ్యాను విప్పుతున్నాడు. ప్యానెళ్ళ పని లేక ఫ్యాన్లు, మోటార్లు బాగుచేస్తున్నాడని అప్పుడే తెలిసింది. అక్కను చూసి లేవబోయి, ఒళ్ళోని మరలు జారిపోతాయని ఆగిపోయాడు.

"లేవకురా" అని ఆవిడ ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడింది. "ఫైలు నా దగ్గర్నుంచి తీసేశారు."

అతని చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. "నా వల్లేనా?"

"నీ వల్లా, నా వల్లా. లాయర్ల వల్ల ఎక్కువ."

"అక్కా, నేను..."

"ఆగు. ఇప్పుడు నేను ఏ పక్షానికీ అధికారిని కాను. గొలుసులకు అధికారిని. ఆ రోజు ఏం చెప్పావో ఇప్పుడు చెప్పు, వింటాను."

తమ్ముడు నవ్వలేక నవ్వాడు. "ఇప్పుడేముందక్కా, చల్లారిపోయింది."

"చల్లారిందే పెట్టు. నేనేం వేడిగా లేను."

మరదలు టీ తెచ్చి పెట్టి, తనూ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. అతను మరలు ఒక్కొక్కటి చిన్న గిన్నెలో వేస్తూ, అక్క మొహం చూడకుండా చెప్పాడు. "మా అధ్యక్షుడు సుంకం తీసెయ్యమని గట్టిగా అడగమన్నాడు. రాసి కూడా ఇచ్చాడు. నువ్వు లేచెళ్ళాక నాకు ఆ కాగితం చదవబుద్ధి కాలేదు. అయ్యా, ఉంచుతారో తీస్తారో అది మీ ఇష్టం, త్వరగా చెప్పండి చాలు అన్నాను. రేటు ఎక్కువైతే ఎక్కువకే అమ్ముకుంటాం, తక్కువైతే తక్కువకే అమ్ముకుంటాం, తెలియని రేటుకి ఎలా అమ్మేది అన్నాను. అంతే. మా అధ్యక్షుడు అక్కడే అరిచాడు. నేను తలదించుకుని వచ్చేశాను."

ఆవిడ టీ కప్పు చేతిలోకి తీసుకుంది. ప్లాస్టిక్ పట్టాల కింద నిలిచిపోయిన లైన్లు కళ్ళముందు మెదిలాయి. ఫ్యాక్టరీలో సూపర్వైజరు అడిగిందీ ఇంచుమించు ఇదే. లాయర్లను పక్కన పెడితే, రెండు పక్షాలూ ఒకే మాట అన్నది ఆ ఒక్కదాని మీదే. దాన్ని రాయడానికి తన నివేదికలో ఎక్కడా చోటు లేదు, సమీక్ష ఆలస్యం వల్ల జరిగే నష్టం సమీక్షలోకి రాదు.

"పెద్ద మాటే అన్నావురా" అంది చివరికి.

"పెద్దదో చిన్నదో, నువ్వు వింటావనుకుని దారంతా బట్టీపట్టాను. నీకోసం ఇంకా రెండు ముక్కలు కలిపాను కూడా."

"ఏమిటవి?"

"మర్చిపోయానక్కా." అతను గొంతు సవరించుకున్నాడు. "ఏదో, మా అక్క ఎవరి పక్షమూ కాదని... అలాంటిదే."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తమ్ముడు తేలికపడి, అధ్యక్షుడు హాల్లో ఎలా ఎగిరాడో, బయట మెట్ల మీద చెప్పు తెగి ఎలా కుంటుకుంటూ నడిచాడో చెప్పుకుంటూ పోయాడు. చెబుతూ చెబుతూ తలెత్తి చూస్తే ఆవిడ తల కుర్చీ వీపుకు వాలి ఉంది, నోరు కొద్దిగా తెరుచుకుంది.

"అక్కా, వింటున్నావా?"

"ఊఁ" అంది ఆవిడ కళ్ళు తెరవకుండానే.

మరదలు పెదవి మీద వేలు పెట్టింది. తమ్ముడు మరలు చప్పుడు కాకుండా గిన్నెలో దించాడు.

*

కొత్తాయన సమీక్ష తేలడానికి దరిదాపు ఇంకో ఏడాది పట్టింది. ఈలోగా ఒకసారి షిఫ్టు సూపర్వైజరు కంపెనీ మనుషులతో ఏవో కాగితాలివ్వడానికి ఆఫీసుకొచ్చి, వరండాలో జల్లెడకు ఎదురుపడింది. తెల్ల టోపీ లేకపోయేసరికి జల్లెడ ఆమెను వెంటనే పోల్చుకోలేకపోయింది.

"ఆపేసిన రెండు లైన్లూ తుక్కు కింద అమ్మేశారు మేడమ్" అంది సూపర్వైజరు. అలవాటు చొప్పున గట్టిగానే అంది, అటూ ఇటూ పోయేవాళ్ళు తిరిగి చూశారు. "ఇంటికి పంపినవాళ్ళు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. ఇప్పుడు కాగితం వచ్చినా పిలవడానికి ఎవరూ లేరు."

"మీరు?"

"నేనున్నాను. నడిచే రెండు నడిచినన్నాళ్ళు." తర్వాత ఏమనుకుందో, జల్లెడ చెయ్యి పట్టుకుంది. "మీరు కప్పేసిన యంత్రాల దగ్గర ఆగి చూశారు మేడమ్. తర్వాత వచ్చినాయన అటు రాలేదు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు కూడా అనుకోండి."

చివరికి కొత్తాయన రాసింది సుంకాన్ని సగానికి తగ్గించమని. ఆవిడ వేసిన అంకెకూ ఆయన వేసిన అంకెకూ ఉన్న తేడా నిండు కుండలో చారెడు నీళ్ళంత. పైవాళ్ళు ఒప్పుకున్నారు, గెజిట్లో వచ్చింది. ఆవిడకు ఆ సంగతి క్యాంటీన్లో పక్క బల్ల మీది మాటల్లో తెలిసింది. ఎగిరి గంతెయ్యలేదు, కుమిలిపోనూ లేదు. ప్లేటు కడిగే చోట పెట్టి తన గదికి వచ్చి, గొలుసుల కంపెనీ పంపిన జవాబుల్లో ఎక్కడిదాకా చదివిందో వెతుక్కుంది.

తమ్ముడికి మాత్రం ఫోన్లు మొదలయ్యాయి. రెండేళ్ళుగా ఆగినవాళ్ళందరూ ఒక్కసారే మేలుకున్నారు. రేటు అనుకున్నంత పడలేదని సణుగుతూనే, ఎప్పుడొస్తావు, ఎప్పుడు బిగిస్తావు అని తొందరపెట్టారు. అప్పుడు చూసుకుంటే అతని దగ్గర పనివాడు ఒక్కడే మిగిలాడు. మిగతావాళ్ళు వేరే చోట్ల కుదురుకున్నారు, రమ్మంటే రామన్నారు.

"అక్కా, ఆదివారం బావను పంపుతావా? కప్పు మీద ప్యానెళ్ళు కూర్చోబెట్టే రెయిలు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి" అని ఫోన్ చేశాడు.

"బావ ఎక్స్‌రే మనిషిరా. ఎండలోకి వస్తే నల్లబడతాడు."

"టోపీ ఇస్తాలే."

భర్త సంబరంగానే వెళ్ళాడు. సాయంత్రానికి ముక్కూ మెడా కమిలిపోయి, నడుం పట్టుకుని ఇల్లు చేరాడు. సోఫాలో బోర్లా పడుకుని, "మీ తమ్ముడు చేసేది మనుషులు చేసే పని కాదోయ్" అని మూలిగాడు. ఆవిడ తడిగుడ్డ తెచ్చి మెడమీద వేసింది.

"పని అయిందా?"

"ఇంకో వరస మిగిలింది. వచ్చే ఆదివారం కూడా రమ్మన్నాడు."

"వెళ్తారా?"

"నువ్వు వెళ్ళు. ఆ ఫైలు నీ దగ్గర్నుంచి తీసేశారుగా, ఇప్పుడు ఏ తప్పూ లేదు."

ఆవిడ ఆలోచించింది. మెడ సంగతి, మోకాళ్ళ సంగతి, నిచ్చెన సంగతి. "చూద్దాంలెండి" అని గుడ్డ రెండో వైపుకు తిప్పి వేసి, పక్కనే ఉన్న కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.